పాత బండికి పళ్ళు లెక్కపెట్టాల్సిందే

సెకండియర్ దాటేసరికి మనలో సగం మందికి ఒకటే జబ్బు: రాత్రి పడుకునే ముందు ఫోన్‌లో పాత స్పోర్ట్స్ బైకులు వెతకడం. తప్పేం లేదు. కొత్తది కొనాలంటే లక్షన్నర పైమాట, ఇంట్లో బతిమాలితే వచ్చేది నలభై, యాభై వేలు. ఆ డబ్బుకి మంచి బండే దొరుకుతుందని నేనూ నమ్ముతాను. ఎంచుకునే పద్ధతే నచ్చదు నాకు. స్టిక్కర్లు చూస్తారు, సైలెన్సర్ సౌండ్ వింటారు, టాప్ స్పీడ్ అడుగుతారు. సామాన్లు ఎక్కడ దొరుకుతాయని మాత్రం ఒక్కడూ అడగడు.

మన బడ్జెట్‌లో ఎక్కువగా కనబడేవి మూడు. 2003లో వచ్చిన హీరో హోండా కరిజ్మా అంటే మన అన్నయ్యల తరానికి పిచ్చి. 223 సీసీ ఎయిర్ కూల్డ్ ఇంజన్, లాంగ్ డ్రైవ్‌కి ఇప్పటికీ హాయి. కానీ 2023లో వచ్చిన కరిజ్మా ఎక్స్ఎంఆర్‌కీ దీనికీ పేరు తప్ప చుట్టరికం లేదు. కొత్తదాని ఇంజన్ సామాను పాతదానికి పట్టదు.

2008 నాటి యమహా ఆర్15 సంగతి వేరు. 150 సీసీలోనే లిక్విడ్ కూలింగ్, నాలుగు వాల్వులు, ఆరు గేర్లు, డెల్టాబాక్స్ ఫ్రేమ్. మలుపుల్లో దాని పట్టు దానిదే, ఒప్పుకుంటా. అయితే ఒక్కసారి పక్కకి పడిందంటే ఫెయిరింగ్ ఖర్చు నెల మెస్ బిల్లుని మింగేస్తుంది. కూలెంట్ బదులు కుళాయి నీళ్ళు పోసి నడిపే మహానుభావులూ ఉన్నారు. ఇంజన్ చల్లగా ఉన్నప్పుడే సుమా, రేడియేటర్ మూత తీసి చూడండి. లోపల తుప్పు రంగు కనిపిస్తే అక్కడినుంచి వచ్చేయండి.

నా ఓటు పల్సర్ 220కి. పాతకాలపు బండే, కాదనను. 2022లో ఆపేసినా 2023లో మళ్ళీ తెచ్చారు కాబట్టి సామాన్లకి తిప్పలు తక్కువ. కార్బ్యురేటర్ విప్పి కడగడం మన ఊరి మెకానిక్‌కి మంచినీళ్ళ ప్రాయం. ఒక్కటి మాత్రం చూసుకోవాలి. 2007లో వచ్చిన మొదటి 220 ఫ్యూయల్ ఇంజెక్షన్‌ది, 2009లో దాని స్థానంలోకి కార్బ్యురేటర్‌ది వచ్చింది. నేను చెప్పేది రెండోదాని గురించి.

దానమిచ్చిన ఆవు పళ్ళు లెక్కపెట్టకూడదంటారు. డబ్బులు పోసి కొనే బండికి లెక్కపెట్టాల్సిందే. వెళ్ళగానే ఇంజన్ మీద చెయ్యి పెట్టండి. వేడిగా ఉంటే మనం రాకముందే స్టార్ట్ చేసి పెట్టారని అర్థం. చల్లారేదాకా టీ తాగి రండి. స్టార్ట్ చేశాక నీలం పొగ ఆగకుండా వస్తుంటే ఇంజనాయిల్ కాలుతోంది, బోరు పని ఉంది. పొద్దున్నే కాసేపు కనబడే తెల్లటి ఆవిరికి భయపడక్కర్లేదు. ఒక ఫ్రెండ్ బండిని సైడ్ స్టాండ్ మీదకి వంచి ముందు చక్రం లేపితే, మీరు హ్యాండిల్ మెల్లగా తిప్పండి. మధ్యలో టక్కున ఆగినట్టుంటే బేరింగులు పోయాయి. టైరు మీద నాలుగంకెలు ఉంటాయి, 2319 అంటే 2019లో 23వ వారం తయారైందని. గీతలు ఎంత లోతుగా ఉన్నా, అంత పాత టైరుతో వర్షంలో బ్రేక్ వేసే ధైర్యం నాకైతే లేదు.

చేతిలో ఉన్నదంతా బండికే పెట్టేయకండి. యాభై ఉంటే ముప్పై అయిదు, నలభైలో చూడండి. టైర్లు, చైన్ స్ప్రాకెట్, బ్రేక్ ప్యాడ్లు, ఫోర్క్ ఆయిల్ సీళ్ళకి మిగతాది కావాలి. హెల్మెట్ కూడా అందులోంచే, ఫ్రెండ్‌దో సీనియర్‌దో అడుక్కోవడం కాదు.

కాగితాల విషయంలో మనవాళ్ళ నిర్లక్ష్యం చూస్తే నిజంగానే కోపం వస్తుంది. బైక్ రిజిస్ట్రేషన్ గడువు పదిహేనేళ్ళు. అంటే 2009, 2010 బండ్లకి అది ఇప్పటికే అయిపోయింది. తనిఖీ చేయించి అయిదేళ్ళకి రెన్యువల్ చేసి ఉండాలి, లేదంటే ఆ తిరుగుడంతా మన నెత్తినే. కొన్న బండిని పాత ఓనర్ పేరుమీదే ఏళ్ళతరబడి తిప్పేవాళ్ళు హాస్టల్‌లో ఎంతమందో! యాక్సిడెంట్ పరిహారం కేసుల్లో ఆర్‌సీలో పేరున్నవాడే ఓనర్ అని సుప్రీంకోర్టు 2018లో చెప్పింది. మనం చేసిన యాక్సిడెంట్‌కి ముక్కూమొహం తెలియని ఎవరో మెట్లెక్కాలన్నమాట. కాబట్టి ఫారం 29, 30 మీద సంతకాలు డబ్బులిచ్చే రోజే తీసుకోండి. ఇన్సూరెన్స్ మీ పేరుకి మార్చమని పద్నాలుగు రోజుల్లో అడగాలి. ఆర్‌సీ మీద ఫైనాన్స్ కంపెనీ పేరు ఉంటే వాళ్ళ ఎన్ఓసీ, ఫారం 35 చేతికి వచ్చేదాకా, "తర్వాత చూసుకుందాంలే తమ్ముడూ" అని ఎంత ప్రేమగా అన్నా సరే, అడ్వాన్స్ కూడా ఇవ్వకండి.