మార్కులు వచ్చాయి, పాఠం ఇల్లు చేరలేదు

పదవ తరగతి పరీక్షలు సమీపించగానే మన పేటలలో మసీదు కమిటీలు, యువజన సంఘాలు సాయంత్రపు ట్యూషన్లు ప్రారంభిస్తాయి. అభినందనీయమే. అయితే గణితానికి, ఇంగ్లీషుకు ఉపాధ్యాయులను వెదకే మనం జీవశాస్త్రాన్ని మాత్రం 'చదువుకుంటే వచ్చేస్తుంది' అని పిల్లల జ్ఞాపకశక్తికి వదిలివేస్తున్నాము. అలా వచ్చేవి మార్కులే.

శ్వాసక్రియ అంటే ఏమిటని అడిగి చూడండి. గాలి పీల్చి వదలడమని చాలామంది చెబుతారు. అది శ్వాసించడం మాత్రమే. కణం గ్లూకోజును విచ్ఛిన్నం చేసి శక్తిని రాబట్టుకోవడం శ్వాసక్రియ. మొక్క కూడా రాత్రింబవళ్లు ఆ పని చేస్తుంది. మొలకెత్తుతున్న గింజలను థర్మాస్ ఫ్లాస్కులో ఉంచి, లోపలి వేడి పెరగడం ఒక్కసారి చూపితే చాలు, పిల్లలు ఇక మరువరు.

మన పిల్లలకు భాష మరో అడ్డుగోడ. ఇంట్లో ఉర్దూ, వీధిలో తెలుగు, పుస్తకంలో ఇంగ్లీషు. జియాయీ తాలీఫ్, కిరణజన్య సంయోగక్రియ, ఫోటోసింథసిస్ అన్నవి వారికి మూడు వేర్వేరు భారాలు. వెలుతురు సాయంతో ఆహారాన్ని కూర్చుకోవడమని విడమరచి చెబితే మూడూ ఒకటే అవుతాయి.

వీటన్నిటికంటే మమ్మల్ని కలవరపరిచేది అనువంశికత పాఠం. తల్లి అండంలో ఉండేది ఎక్స్ క్రోమోజోమే. తండ్రి శుక్రకణాలలో సుమారు సగం ఎక్స్‌ను, సగం వైని మోస్తాయి. అండాన్ని ఏది చేరితే దానినిబట్టి బిడ్డ ఆడో మగో అవుతుంది. ఈ పటం గీసి పూర్తి మార్కులు తెచ్చుకున్న అమ్మాయే, మూడో ఆడపిల్లను కన్నదని అమ్మీ తన భాభీని దెప్పుతుంటే మౌనంగా వింటుంది. పటంలోని వై తన అన్నదన్న సంగతి ఆమెకు తోచదు. తోచినా నోరు పెగలదు. నిజానికి అన్న చేతిలోనూ ఏమీ లేదు. కూతుళ్లనైనా కొడుకులనైనా ప్రసాదించేవాడు అల్లాహ్ అని విశ్వసించే ఇళ్లలోకి ఈ నింద ఏ దారిన వచ్చిందో!

సభలలో మనం పూర్వ విద్వాంసుల పేర్లు గర్వంగా చెప్పుకుంటాము. 13వ శతాబ్దంలో ఇబ్నుల్ నఫీస్, గుండె మధ్యగోడకు రంధ్రాలు లేవని, రక్తం ఊపిరితిత్తుల మీదుగానే ఎడమవైపుకు చేరుతుందని రాసి, ఇబ్నె సీనా మాటనే కాదన్నాడు. బట్టీ పట్టినవాడికి అది సాధ్యమయ్యేదా?

ఈ ఏడాది ట్యూషన్ కేంద్రాలు వారానికి రెండు గంటలైనా జీవశాస్త్రానికి కేటాయించాలి. సైన్సులో డిగ్రీ చదివి ఇంట్లోనే ఉన్న మన అమ్మాయిలకు ఆ పని అప్పగించి, గౌరవవేతనం ఇవ్వాలి. అనువంశికత పాఠం చెప్పే రోజున తల్లులను, అత్తలను కూడా పిలవాలి. కొడుకులనూ వెంట తీసుకురమ్మనాలి.