మే నెలలో కాలీఫ్లవరా!

"ఏమండీ, మీరు నవలలు రాసేవారు, మీరే చెప్పండి. ఇంత కష్టపడి తోట వేసుకుని, ఇంటికి చుట్టాలొస్తే నాలుగు కాలీఫ్లవర్ పువ్వులు కోసుకునే యోగం లేకపోతే ఎందుకండీ ఈ తోట?" అని మా కాలనీ మీటింగులో ఎదురింటావిడ నన్ను నిలదీసింది.

నవలలకీ కాలీఫ్లవర్‌కీ సంబంధం ఏవిటో నాకు బోధపడలేదు. బయట మాత్రం మే నెల ఎండ, 42 డిగ్రీలు.

సంగతేవిటంటే, హైదరాబాదులో మా కాలనీకి పార్కు కోసమని వదిలిన 600 గజాల స్థలం ఒకటుంది. ఏళ్ళ తరబడి అందులో సర్కారు తుమ్మలూ, ఇళ్ళు కట్టగా మిగిలిన ఇటుక ముక్కలే పెరిగాయి. నాలుగేళ్ళ కిందట 22 కుటుంబాలవాళ్ళం కొంగు బిగించి దాన్ని బాగు చేసుకున్నాం. ఎరువుల బస్తా గానీ, పురుగుమందు సీసా గానీ గేటు దాటి లోపలికి రాకూడదన్నది మా మొదటి తీర్మానం. ఇంటింటి కూరగాయల తొక్కులు, ఎండుటాకులు, పాలవాళ్ళ పేడ, ఇవే మా ఎరువు. పండింది అందరం పంచుకుంటాం.

ఇప్పుడు కొత్త ప్రతిపాదన వచ్చింది. వచ్చే వేసవికి "కొద్దిగా" మందు కొట్టయినా సరే, ఏడాది పొడుగునా కాలీఫ్లవర్, క్యాబేజీ, టమాటా పండించాలిట. కాదంటే ఆ స్థలాన్ని చదును చేసి, కార్లు పెట్టుకునే షెడ్డు వేయాలిట!

నేను ఆర్ట్సు చదువుకున్నదాన్ని. అయినా నాలుగేళ్ళు మట్టిలో కూచుంటే మట్టే కొంత చెబుతుంది. కాలీఫ్లవర్‌ది చలికాలపు పుటక. ఎండల్లో దాని పువ్వు గట్టిపడదు. విడిపోయి, పచ్చబడి, మధ్యలోంచి ఆకులు పొడుచుకొస్తాయి. పగటి వేడి 35 డిగ్రీలు దాటిందంటే టమాటా పువ్వు పిందె కట్టకుండా రాలిపోతుంది. కాలానికి ఎదురీదే మొక్క నీరసంగా ఉంటుంది. నీరసించిన మొక్క పురుగుకి పెళ్ళి భోజనం. అప్పుడు మందు సీసా తెరవక తప్పదు. అదే కాలీఫ్లవర్ చలికాలంలో వేసినప్పుడు, వరసల మధ్య ఆవాలు చల్లాం. పురుగు ఆవాకు మీదికి పోయింది. మిగిలినదానికి వేపగింజల కషాయం చాలింది.

అందుకే అంటున్నాను, కాలాన్ని కాదని మందులేని పంట లేదు. మందు వద్దు అనడం సులువే. మే నెలలో కాలీఫ్లవర్ వద్దు అనడమే కష్టం. మొదటిది అని రెండోది అనలేకపోతే మనం చేసేది ఆత్మవంచన. మోనోక్రోటోఫాస్ అనే విషాన్ని కూరగాయల మీద వాడకూడదని కేంద్రప్రభుత్వం 2005లోనే నిషేధించింది. మంచిదే. కానీ కాలం కాని కూర కోసం పట్టుబట్టే సంచీ చేత్తో పట్టుకుని బజారుకి వెళ్ళేది మనమే కదా! ఆ సంచీకి ఏ చట్టం అడ్డొస్తుంది?

రెండో ఏడు జరిగిన ముచ్చట ఒకటి చెబుతాను. ఆషాఢంలో వేసిన చిక్కుడు పాదు పందిరంతా అల్లుకుంది గానీ, భాద్రపదం వచ్చినా ఒక్క పువ్వు లేదు. "గొడ్డుపోయింది, యూరియా వేద్దాం" అని పక్కింటి పిన్నిగారు ఒకటే గోల. తోటకి నీళ్ళు పెట్టే అవ్వ నవ్వింది. "పొద్దు చిన్నగ కానియ్యి బిడ్డా, గప్పుడు నువ్వు తెంపలేక సస్తవు" అంది. అక్షరాలా అంతే జరిగింది. పగటి పొద్దు తగ్గితేనే పూసే మొక్క అది. యూరియా వేస్తే ఇంకో బుట్టెడు ఆకులొచ్చేవి, అంతే. రథసప్తమినాడు చిక్కుడుకాయలతో రథం చేసి, చిక్కుడాకుల్లో పరమాన్నం పెట్టిన మన అమ్మమ్మలకి పంటల క్యాలెండరు ఎవరూ అచ్చువేసి ఇవ్వలేదు. పండగలోనే దాచుకున్నారు.

"అయితే వేసవిలో పస్తులుండమంటారా?" అంటారేమో. అదేం ఖర్మ! దోసకాయ లేదూ? గోరుచిక్కుడు, బెండ, సొర, తోటకూర, గోంగూర, బచ్చలి, ఇవన్నీ కూరలు కావూ?

ఒప్పుకుంటాను, విసుగొస్తుంది. శ్రావణంలో పదిహేను రోజులు వరసగా బీరకాయ వండితే, "ఈ సీరియల్ ఎప్పుడు ముగుస్తుంది?" అని మావారు పళ్ళెం ముందే అడిగారు. "మళ్ళీ సొరకాయేనా?" అన్న దెప్పు వినేది మనమే. చుట్టాలకి సొరకాయ వండితే "ఇంతేనా మర్యాద" అనుకుంటారేమోనని జంకేదీ మనమే. నిజం చెప్పుకుందాం. కాలీఫ్లవర్‌ని అడిగేది మన నాలుక కాదు, మన పరువు. ఆ పరువు కోసం పిల్లల పళ్ళెంలో విషం చుక్క వేయడానికి సిద్ధపడుతున్నాం.

జహీరాబాద్ ప్రాంతంలో దక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ సంఘాల దళిత స్త్రీలు ఉన్నారు. బీడు భూములు కలిసికట్టుగా కౌలుకి తీసుకున్నారు. రసాయనాలు లేకుండా రకరకాల పంటలు కలిపి వేసి, తమ విత్తనం తామే దాచుకున్నారు. ఆ సంస్థకి 2019లో ఐక్యరాజ్యసమితి అభివృద్ధి కార్యక్రమంవారి ఈక్వేటర్ బహుమతి వచ్చింది. కడుపు నింపుకోవాల్సినవాళ్ళు నేలతో బేరమాడకుండా, అది ఇచ్చింది తిని నిలబడ్డారు. కడుపు నిండినవాళ్ళం మనకెందుకమ్మా ఇంత మొండితనం?

మీటింగులో ఆ రోజు ఏమీ తేలలేదు. మృగశిర కార్తె వెళ్ళాక వచ్చే ఆదివారం సాయంత్రం మళ్ళీ కూచుని చేతులెత్తుతాం. తోటో, కార్ల షెడ్డో, ఆనాడు తేలిపోతుంది. అందాకా నోరు మూసుకునే స్వభావం కాదు నాది.

ఆ రోజు మధ్యాహ్నం ఎదురింటావిడని భోజనానికి పిలిచాను. సొరకాయ పాలుపోసి వండబోతున్నాను.