మాస్కు ఎవరి ముఖానికి?

మా పెద్దమ్మ గదిలో కిటికీ పక్కన మేకుకి ఒక గుడ్డసంచి వేలాడుతుండేది. అందులో బైపాప్ మాస్కు. యంత్రమేమో బల్ల మీద తువ్వాలు కప్పుకుని కూర్చుని ఉండేది. "అంత డబ్బు పోసి కొన్నాం. పెట్టుకోదు. ఒట్టి మొండి" అని అన్నయ్య నాతో చెప్పుకున్నాడు. ఆస్పత్రి కాగితాల్లోనూ అదే మాట ఉంది, కాస్త మర్యాదగా: రోగి సహకరించడం లేదు.

ఈ 'సహకారం' అన్న మాట గురించే నా పేచీ. స్త్రీల ఆరోగ్యం అనగానే మనం గర్భసంచి గురించీ, కుటుంబ నియంత్రణ ఆపరేషన్ల గురించీ మాట్లాడుతూ వచ్చాం. మాట్లాడాల్సిందే. కానీ స్త్రీకి ఊపిరితిత్తులు కూడా ఉంటాయని మనమే తరచు మర్చిపోతాం.

పెద్దమ్మ జన్మలో చుట్ట ముట్టుకోలేదు. నలభై ఏళ్లు కట్టెపొయ్యి ముందు కూర్చుని గొట్టంతో ఊదింది. 1999లో దీపం పథకమూ, 2016లో ఉజ్జ్వలా వచ్చాయి. ఆమె వంటపాకలోకి గ్యాసు పొయ్యి వచ్చేసరికి ఊపిరితిత్తులు సగం పోయాయి. పొగతాగని స్త్రీలకు సి.ఓ.పి.డి. రావడానికి వంటచెరకు పొగ ఒక ముఖ్య కారణమని వైద్యులందరికీ తెలుసు. జబ్బు ముదిరితే శరీరం కార్బన్ డయాక్సైడుని బయటికి తోయలేదు. నిద్రలో అది మరీ పేరుకుంటుంది. తెల్లవారి తలనొప్పి, పగలంతా మత్తు. రాత్రిళ్లు మాస్కు ద్వారా గాలిని ఒత్తిడితో లోపలికి పంపే యంత్రం ఇక్కడ ఆదుకుంటుంది. 2017లో బ్రిటన్ నుంచి ఒక అధ్యయనం అచ్చయింది. ఆస్పత్రి నుంచి వచ్చాక కూడా కార్బన్ డయాక్సైడు తగ్గని 116 మందిని పరిశీలించారు. ఇంట్లో ఆక్సిజన్ మాత్రమే వాడినవాళ్లు మళ్లీ ఆస్పత్రి పాలవడానికో చనిపోవడానికో పట్టిన మధ్యస్థ కాలం 1.4 నెలలు. ఆక్సిజన్‌తో పాటు ఈ యంత్రం కూడా వాడినవాళ్లకు 4.3 నెలలు. అంటే మేకుకి వేలాడుతున్నది ఉత్త సంచి కాదు.

మరి ఎందుకు వేలాడదీసింది? నేను వెళ్లేదాకా ఆ ప్రశ్న ఆమెను ఎవరూ అడగలేదు. యంత్రంలోని చిప్పు రాత్రికి ఎన్ని గంటలు పెట్టుకుందో రాస్తుంది గానీ, ఎందుకు తీసేసిందో రాయదు.

డిశ్చార్జి రోజున కంపెనీ కుర్రాడొకడు వచ్చాడట. ముక్కూ నోరూ రెండూ మూసే మాస్కు, మీడియం సైజు, ఒక్కటే తెచ్చాడు. అన్నయ్యకి చూపించాడు, అన్నయ్య సంతకం పెట్టాడు. ముక్కుపుడక అడ్డమొస్తుంది తీసెయ్యమన్నాడు. "మీ పెదనాన్న పోయిన పదోరోజున అందరూ చుట్టూ చేరి తియ్యమంటే తియ్యలేదే అమ్మాయ్. ఈ ముసుగు కోసం తియ్యాలా?" అంది పెద్దమ్మ. మొండితనమంటే ఇదేనా?

ఇంకా చెప్పింది. పట్టీలు తల వెనక సరిగ్గా ముడి దగ్గర కలుస్తాయి. పడుకోగానే ముడి ఎత్తుకి పట్టీ జారి, గాలి కళ్లలోకి కొడుతుంది. వదిన లేచి బిగిస్తుంది. బిగించిన కొద్దీ ముక్కుదూలం మీద పుండు. కఫం వస్తే ఉమ్మాలి, కీళ్ల నొప్పులతో చేతులు తల వెనక్కి వెళ్లవు. "వాంతి వస్తే ఏం గతి?" అని ఆమె అడిగింది. నోరు మూసే మాస్కు విషయంలో వైద్యులు వేసుకోవాల్సిన మొదటి ప్రశ్న అదే: దాన్ని తనంతట తాను తీసుకోగలదా? ఏడో తరగతి చదివిన పెద్దమ్మకి తట్టింది, ఆ గదిలో ఉన్న చదువుకున్నవాళ్లకి తట్టలేదు.

నన్ను భయపెట్టింది మరొకటి. మాస్కు ముందుభాగంలో చిన్న రంధ్రాలుంటాయి. ఒకే గొట్టం ఉండే యంత్రాల్లో, వదిలిన ఊపిరి బయటికి పోయే దారి అవే. గాలి వృథా అవుతోందని అన్నయ్య వాటి మీద ప్లాస్టరు అంటించాడు! వదలాల్సిన గాలినే మళ్లీ పీల్చుకుంటూ, తెల్లారి తలనొప్పి ఎక్కువైందని ఆమె అంటుంటే, వంకలన్నారు. అన్నయ్యని తప్పుపట్టను. ఆ రంధ్రాలు ఎందుకో అతనికీ ఎవరూ చెప్పలేదు.

విచిత్రమేమిటంటే, ఈ వైద్యం మొదలైనప్పుడు ఇలా లేదు. ముక్కు మాస్కుతో నిద్రలో గాలిని ఒత్తిడితో పంపే పద్ధతిని ఆస్ట్రేలియా వైద్యుడు కోలిన్ సలివన్ 1981లో ప్రకటించాడు. తొలి రోజుల్లో ఒక్కొక్క రోగి ముక్కుకీ ప్లాస్టరు అచ్చు తీసి, ఆ ముక్కుకి మాత్రమే సరిపడే మాస్కు తయారుచేసేవాళ్లు. ముఖాన్ని బట్టి మాస్కు. పెట్టెల్లో ఎస్, ఎమ్, ఎల్ వచ్చాక మాస్కుని బట్టి ముఖం సర్దుకోవాల్సి వచ్చింది. సర్దుకోవడం ఎవరికి అలవాటో మనకి తెలియంది కాదు.

పట్నంలో ఒక ఛాతీ వైద్యురాలి దగ్గర మధ్యాహ్నమంతా కూర్చున్నాం. ఆమె పెద్దమ్మని పడుకోబెట్టి, యంత్రం ఆన్ చేసి, ఇంట్లో పెట్టే ఒత్తిడితోనే ఒకదాని తర్వాత ఒకటి పెట్టి చూసింది. కూర్చున్నప్పుడు సరిపోయినది పడుకుంటే సరిపోదు. బుగ్గలు జారుతాయి. ముక్కురంధ్రాలకి ఆన్చే చిన్న మెత్తలు పెద్దమ్మకి చక్కిలిగిలి. ముక్కుని మాత్రమే కప్పే చిన్న సైజు కుదిరింది. ముక్కుదిబ్బడ ఉన్నా, నోరు తెరిచి నిద్రపోయినా అది పనికిరాకపోవచ్చు. ఆమె అదృష్టం, నోరు మూసుకునే పడుకుంటుంది. పుడక మాస్కు లోపలే ఉండిపోయింది, ఎక్కడా తగల్లేదు. ముడి విప్పి పక్కకి జడ వేసుకోమంది. వదినకి పేస్‌మేకర్ ఉందా అని కూడా అడిగింది. నాకు అర్థం కాలేదు. కొన్ని మాస్కుల క్లిప్పుల్లో అయస్కాంతాలుంటాయనీ, పేస్‌మేకర్ వంటివి ఉన్నవాళ్లకి ప్రమాదమని 2022లో అమెరికాలో హెచ్చరికలొచ్చాయనీ, అవి పక్కన ఉండి సాయం చేసేవాళ్లకీ వర్తిస్తాయనీ చెప్పింది. ఆ ఇంట్లో వదిన ఒంటి గురించి ఒకరు అడగడం నేను వినడం అదే మొదలు.

దీన్ని మంచి డాక్టరు దొరకడమనే అదృష్టానికి వదిలెయ్యకూడదు. సర్కారు ఛాతీ ఆస్పత్రుల్లో మూడు రకాల మాస్కులు, అన్ని సైజుల్లో, పెట్టి చూడ్డానికి ఉండాలి. ఇంట్లో కొన్ని రాత్రులు వాడి చూశాకే డబ్బు కట్టే పద్ధతి ఉండాలి. సంతకం ఎవరిదైనా, సరేననాల్సింది పెట్టుకునే మనిషి. 2016 వికలాంగుల హక్కుల చట్టం 21 రకాల వైకల్యాలను గుర్తించింది. కండరాల క్షీణత అందులో ఉంది, పొగతో పాడైన ఊపిరితిత్తులు లేవు. వంటింట్లో వచ్చిన వైకల్యం వైకల్యం కాదా అని మన సంఘాలు అడగాల్సి ఉంది.

పెద్దమ్మ ఇప్పుడు రాత్రికి ఆరు గంటలు పెట్టుకుంటోంది. పొద్దున్నే మాస్కు సబ్బునీళ్లతో కడిగి నీడన ఆరేసేది వదినే. మొన్న చూశాను, మెత్త పసుపురంగుకి తిరిగి సాగిపోయింది, అంచున గాలి పోతోంది. కొత్తది ఎప్పుడు కొంటున్నారని అడిగాను.

"మీ అన్నయ్యని అడగాలి" అంది.