నవ్వించే కవితకూ ఒక మర్యాద ఉంది

వేసవి సెలవుల్లో కర్నూలు, కడప ప్రాంతాల మొహల్లాలలో పిల్లలకు ఖిరాఅత్, నాత్, వక్తృత్వ పోటీలు పెట్టడం మనకు అలవాటే. అదే వరుసలో అన్ని వయసుల వారికీ హాస్య కవితల పోటీ పెడదామని ఎవరైనా అంటే మాత్రం పెద్దలు సందేహిస్తారు. ధార్మిక వాతావరణంలో నవ్వులాటకు చోటుందా అన్నది వారి ప్రశ్న.

దైవప్రవక్త (స) జీవితమే ఇందుకు సమాధానం. హజ్రత్ అనస్ (రజి) చిన్నతమ్ముడు అబూ ఉమైర్ ఆడుకొనే నుగైర్ అనే చిన్న పిట్ట చనిపోయింది. దిగులుగా ఉన్న ఆ బాలుణ్ణి ప్రవక్త (స), ఉమైర్‌కు నుగైర్‌ను ప్రాసగా కలిపి, పిట్ట సంగతేమిటని సరదాగా పలకరించారు. ఆయన కవి కారని ఖుర్ఆన్ స్పష్టం చేసింది. అయినా పసివాడి దుఃఖాన్ని మరిపించడానికి ప్రాస కలిసిన పలకరింపు ఆయన నోట వెలువడింది. సవారీకి ఒంటె కావాలని వచ్చిన మరొకరితో ఒంటె పిల్లను ఇస్తానన్నారు. పిల్లతో ఏం చేసుకోనని ఆయన కంగారుపడితే, ఏ ఒంటె అయినా మరో ఒంటెకు పిల్లే కదా అని గుర్తుచేశారు. ఆ హాస్యంలో అసత్యం లేదు, అవమానమూ లేదు.

హద్దులు కూడా అక్కడే ఉన్నాయి. జనాన్ని నవ్వించడానికి అబద్ధమాడేవారిని ప్రవక్త (స) తీవ్రంగా హెచ్చరించారు. హుజురాత్ సూరా 11వ ఆయత్ పురుషులనూ స్త్రీలనూ వేర్వేరుగా ప్రస్తావించి ఎగతాళిని, ఎత్తిపొడుపు పేర్లను నిషేధించింది. షుఅరా సూరా దారితప్పిన కవులను ఖండిస్తూనే, విశ్వసించి సత్కార్యాలు చేసేవారిని మినహాయించింది.

దక్కనులో ఈ కళకు మంచి వారసత్వముంది. హైదరాబాదులో 1962లో ఏర్పడిన జిందాదిలానె హైదరాబాద్ సంస్థ హాస్య ముషాయిరాలకు పేరుపొందింది. 1968లో మొదలైన షుగూఫా పత్రిక ఉర్దూ హాస్యానికే అంకితమైంది. గుల్బర్గాకు చెందిన సులైమాన్ ఖతీబ్ దఖ్ఖనీలో వరకట్నం మీద రాసిన కవిత నవ్వుతో మొదలై గుండెను బరువెక్కిస్తుంది. అందులో దెబ్బ తగిలేది పేద తండ్రికి కాదు, పెళ్ళికొడుకు తరఫువారి దురాశకు.

నేడు చవకగా దొరికే నవ్వు వేరు. భార్య నోరు, అత్త గయ్యాళితనం, ఒకరి నత్తి, మరొకరి నలుపు, పల్లెటూరి యాస దానికి ముడిసరుకు. ఎనిమిదేళ్ళ మనవడూ ఎనభై ఏళ్ళ తాతా ఒకే సభలో కూర్చున్నప్పుడు, దేనికి చప్పట్లు పడ్డాయో చూసే ఆ పిల్లవాడు ఎవరిని ఎగతాళి చేయవచ్చో నేర్చుకుంటాడు. మన ఇళ్ళలో మాట్లాడే దఖ్ఖనీకి కూడా ఇదే ప్రమాదం. దఖ్ఖనీలో నవ్వించడం వేరు, దఖ్ఖనీని చూసి నవ్వడం వేరు. రెండోది అలవాటైతే పిల్లలు అమ్మతో మాట్లాడే భాషకే సిగ్గుపడతారు.

కనుక పోటీ పెట్టండి, కొన్ని షరతులతో. తరహీ ముషాయిరాలో ఇచ్చే మిస్రా లాగా, అవధానంలో ఇచ్చే సమస్య లాగా, అందరికీ ఒకే పంక్తి ఇవ్వండి. తెలుగులోనైనా దఖ్ఖనీలోనైనా రాయనివ్వండి. పిల్లలకు 4 పంక్తులు, పెద్దలకు 12 చాలు. వస్తువుకు మన సీమలో కొరత లేదు. ట్యాంకరు రాగానే పరుగెత్తే బిందెలు, మే నెల మధ్యాహ్నం ఆగిపోయే ఫ్యాను, ఏడు గంటలని అచ్చువేసి పదకొండుకు వడ్డించే పెళ్ళి భోజనం, ఇఫ్తార్‌లో పకోడీల పళ్ళెం వైపే జరిగే చేతులు ఉన్నాయి. కవి తననూ ఆ కవితలో చేర్చుకుంటే మరీ మంచిది. ఎవరి పేరూ, రూపమూ, పేదరికమూ అందులోకి రాకూడదు. నిర్ణేతలలో ఒక స్త్రీ, బడి చదువుల వయసు పిల్ల ఒకరు ఉండాలి.

బహుమతి నిర్ణయించే ముందు ఒక ప్రశ్న వేసుకోండి: ఈ కవిత ఎవరి గురించో, వారు మొదటి వరుసలో కూర్చుని మనతోపాటు నవ్వగలరా? నవ్వగలరంటే ఆ కవిత గెలిచినట్టే.