ముందు నాలా, తర్వాత పడవ

వానాకాలం దిగగానే హుస్సేన్‌సాగర్ మీద గాలి జోరందుకుంటుంది. ఆ గాలి కోసమే ఏటా జూలై ప్రాంతంలో దేశంలోని తెరచాప పడవల వాళ్లు హైదరాబాద్ దారి పడతారు. ట్యాంక్‌బండ్ మీద బండి ఆపుకొని చూసేవాళ్లకు కన్నులపండువే. నీటి నడుమ నిలబడ్డ బుద్ధుడి విగ్రహం చుట్టూ తెల్లటి చాపలు ఒక పక్కకు ఒరిగి పరుగులు తీస్తుంటే ఎవరికైనా తోచే మాట ఒకటే: చప్పుడు లేదు, పొగ లేదు, పెట్రోలు ఖర్చు లేదు, ఇంతకన్నా శుభ్రమైన ఆట ఇంకేముంటుంది?

ఆ మాటే ఇప్పుడు సిద్ధాంతమై కూర్చుంది. పడవల క్లబ్బు పర్యావరణహితంగా మారాలంటే ఏం చేయాలని ఎవర్నడిగినా జవాబు తయారు. రెస్క్యూ బోట్లకు పెట్రోలు ఇంజన్లు తీసేసి బ్యాటరీ మోటార్లు పెట్టాలి. షెడ్డు కప్పు మీద సోలార్ పలకలు బిగించాలి. పోటీల్లో ప్లాస్టిక్ నీళ్ల సీసాలు మానేసి స్టీలువి పంచాలి. ఆఖరి రోజున ముఖ్య అతిథి చేత గట్టున ఓ మొక్క నాటించాలి. విహారపు బోట్లు నడిపే పర్యాటక శాఖలదీ ఇదే పాట, కాకపోతే గొంతు ఇంకొంచెం పెద్దది.

ఈ జాబితాలో ఫలానాది చెడ్డదని నేననను. ఇందులో నీళ్లెక్కడున్నాయని అడుగుతున్నాను. పడవ గురించి ఉంది, షెడ్డు గురించి ఉంది, సీసా గురించి ఉంది. పడవ తేలే నీటి గురించి ఒక్క ముక్క లేదు. మన ఊళ్ల చెరువుల్ని చంపుతున్నది పడవ ఇంజను కాదు, మురుగు. ఆ సంగతి వదిలేసి ఇంజను మార్చినందుకు చప్పట్లు కొట్టుకోవడం ఆత్మవంచన.

తెరచాప నేర్చుకునే పిల్లల్ని దగ్గరగా చూస్తే ఇది ఇట్టే తెలుస్తుంది. వాళ్ల పడవ పేరు ఆప్టిమిస్ట్. పొడవు ఎనిమిదడుగులకు కాస్త తక్కువ, ముందు కొస మొండిగా కోసేసినట్టుంటుంది. ఎవరికైనా తొలి రోజుల్లోనే చెప్పే పాఠం పడవను కావాలని బోల్తా కొట్టించడం. పదేళ్ల పిల్ల ఒక పక్కకు వాలుతుంది, పడవ తిరగబడుతుంది, పిల్ల నీళ్లలో పడుతుంది. లైఫ్ జాకెట్ పైకి తేల్చగానే పడవ చుట్టూ ఈదుకుంటూ వెళ్లి, అడుగు నుంచి పొడుచుకొచ్చిన పలక పట్టుకొని, దాని మీద బరువంతా వేసి పడవను నిలబెడుతుంది. ఆనక లోపలికి ఎక్కి డబ్బాతో నీళ్లు తోడిపోస్తుంది. ఈ లోపల నోట్లోకి, ముక్కులోకి, చెవుల్లోకి చెరువు వెళ్లిపోయే ఉంటుంది. ఒడ్డుకొచ్చాక ముందు కుళాయి గొట్టం కింద నిలబడుతుంది. పడవ తెల్లటి ఒంటి మీద నీళ్లు తగిలినంత మేర పచ్చటి జిగురు గీత. చుక్కానికి గుర్రపుడెక్క వేళ్లు. తాళ్లను రోజంతా ఎండేసినా వాటి వాసన పోదు.

అంటే తెరచాప ఆటంటే నీటి మీద ఆట కాదు, నీటిలో మునిగే ఆట. స్నానానికి పనికొచ్చే నీటికి మన దేశంలో కొలతలున్నాయి. వంద మిల్లీలీటర్లలో మలసంబంధ కోలీఫాం బ్యాక్టీరియా 500 లోపు ఉండటం మంచిది, 2,500 దాటకూడదు. కరిగిన ఆక్సిజన్ లీటరుకు 5 మిల్లీగ్రాములకు తగ్గకూడదు, నీటిలోని మలినాలను కుళ్లబెట్టడానికి ఖర్చయ్యే ఆక్సిజన్ కొలత, అంటే బీఓడీ, 3 మిల్లీగ్రాములకు మించకూడదు. పడవల క్లబ్బు శుభ్రమైనదా కాదా అనే ప్రశ్నకు మొదటి జవాబు ఈ అంకెల్లో ఉంది. స్టీలు సీసాల్లో లేదు.

కుతుబ్‌షాహీల కాలంలో, 16వ శతాబ్దంలో కట్టిన హుస్సేన్‌సాగర్ నీళ్లు ఒకప్పుడు ఊరు తాగినవే. ఇప్పుడు దీంట్లోకి వచ్చి పడేవి నాలుగు నాలాలు: కూకట్‌పల్లి, పికెట్, బంజారా, బల్కాపూర్. ఇళ్ల మురుగు సరే, కూకట్‌పల్లి నాలా దశాబ్దాల పాటు పారిశ్రామికవాడల రసాయనాలను కూడా మోసుకొచ్చింది. నాలాలను అడ్డగించి మురుగును పక్కకు మళ్లించే పనులు జరిగాయి, శుద్ధి కేంద్రాలు కట్టారు. వాటి వల్ల మేలు జరగలేదని అనడం అన్యాయం. అయితే అలాంటి మళ్లింపులు ఎక్కడైనా వాన లేని రోజుల ప్రవాహానికి లెక్కగట్టి కట్టేవి. గట్టి వాన పడితే మురుగు, వరద కలిసి అడ్డుకట్ట దాటుకొని వస్తాయి. తెరచాపకు గాలి అందేది వానాకాలంలో, నాలా పొంగేదీ వానాకాలంలోనే. పోటీల రోజులూ చెరువు మురుగు తిండి ఎక్కువై ఉక్కిరిబిక్కిరయ్యే రోజులూ ఒకటే. ఆ పైన భాద్రపదం, దాంతోపాటు వినాయక నిమజ్జనం రానే వస్తాయి. ప్లాస్టర్ ఆఫ్ పారిస్ విగ్రహాలను ఇందులో కలపొద్దని 2021లో హైకోర్టు చెప్తే, ఆ ఏటికి ఆఖరిసారిగా కానివ్వండని సుప్రీంకోర్టు సడలించింది. తర్వాతి కథ నగరవాసులకు నేను చెప్పనక్కర్లేదు.

ఇక్కడ క్లబ్బుల వాళ్లు ఒక న్యాయమైన మాట అంటారు. నాలా మేం తెచ్చింది కాదు, మురుగు మాది కాదు, మా చేతిలో ఉన్నది మా పడవ, మా షెడ్డు, అవి మేం మార్చుకుంటాం, మిగతాది సర్కారు చూసుకోవాలి అని. వినడానికి వినయంగానే ఉంది. ఆ వినయం ఎక్కడికి దారితీస్తుందో ప్రపంచం రెండుసార్లు ఒలింపిక్స్ పెట్టి మరీ చూపించింది.

2008లో చైనాలోని చింగ్‌దావ్‌లో తెరచాప పోటీలు. కొద్ది వారాల ముందు సముద్రం పచ్చిక మైదానంలా మారిపోయింది. సైనికులను, జాలర్లను, వందలాది పడవలను దింపి లక్షల టన్నుల నాచును చేతుల్తో ఎత్తిపోశారు. పోటీలు ఘనంగా జరిగాయి. మరుసటి వేసవిలో నాచు మళ్లీ వచ్చింది, ఆ తర్వాత కూడా వస్తూనే ఉంది. తీరం నుంచి వచ్చిపడే ఎరువుల సారం, దక్షిణాన జియాంగ్సు తీరంలో సముద్రపు పాచి పెంచే తెప్పలు అలాగే ఉన్నాయి మరి. 2016లో రియో. గ్వానబారా అఖాతంలోకి చేరే మురుగులో 80 శాతాన్ని శుద్ధి చేస్తామని ఆతిథ్యం అడిగేటప్పుడే మాటిచ్చారు. అది జరగలేదు. బదులుగా నదులు కలిసే చోట తేలే అడ్డుగోడలు కట్టి, చెత్త ఏరే పడవలు తిప్పి, కెమెరా కంటికి నీళ్లు శుభ్రం చేశారు. చెత్త కంటికి కనబడుతుంది కాబట్టి ఏరొచ్చు. బ్యాక్టీరియాను ఏ వలతో ఏరతారు?

దీనికి ఎదురు కథ అమెరికాలో ఉంది, అది మన తెలుగువాళ్ల పెరట్లోనే ఉంది. సియాటిల్ పక్కన బెల్‌వ్యూ, రెడ్మండ్‌లలో సాఫ్ట్‌వేర్ కొలువులు చేసేవాళ్లు వారాంతాల్లో షికారు చేసే వాషింగ్టన్ సరస్సు ఒకప్పుడు ఇలాగే మురిగింది. చుట్టూ ఊళ్లు పెరిగి, వాటి శుద్ధి కేంద్రాల నీళ్లన్నీ అందులోకే చేరేవి. గమనించండి, శుద్ధి చేసిన నీళ్లే. భాస్వరం తీసేయకపోతే శుద్ధి చేసిన నీళ్లూ నాచుకు మేతే. 1955లో అందులో నీలి ఆకుపచ్చ నాచు కనబడింది. వాషింగ్టన్ విశ్వవిద్యాలయంలో పనిచేసే డబ్ల్యూ.టి. ఎడ్మండ్‌సన్ అనే శాస్త్రవేత్త, ఇదిలాగే సాగితే ఏమవుతుందో లెక్కలతో చెప్పాడు. 1958లో జనం ఓటేసి ప్రాంతీయ మురుగు వ్యవస్థకు ఒప్పుకున్నారు. 1963లో మొదలుపెట్టి 1968 నాటికి ఆ నీళ్లన్నిటినీ సరస్సు నుంచి మళ్లించేశారు. కొన్నేళ్లలోనే నీరు తేటబడింది. ఆ కాలమంతా సరస్సు మీద పడవలు తిరుగుతూనే ఉన్నాయి, వాటి ఇంజన్లు కూడా పాతకాలపువే.

ఇంజను మార్పు పనికిమాలినదని దీని అర్థం కాదు. కార్బురేటర్ ఉన్న పాత టూ స్ట్రోక్ ఔట్‌బోర్డ్ ఇంజను పోసిన పెట్రోలులో అయిదో వంతు నుంచి మూడో వంతు దాకా మండించకుండానే నీళ్లలోకి, గాలిలోకి వదిలేస్తుంది. ఇప్పటికీ దాన్ని వాడే క్లబ్బు రేపే తీసి అవతల పారేయాలి. కాలిఫోర్నియా, నెవాడాల నడుమ ఉన్న టాహో సరస్సులో 1999లో ఆ ఇంజన్లను నిషేధించారు. అయితే అంతకు రెండు దశాబ్దాల ముందే ఆ లోయలోని మురుగునంతా గొట్టాల్లో కొండలు దాటించి బయటికి పంపేశారు. అక్కడ వరస అది. మనం చివరి మెట్టు నుంచి మొదలుపెట్టి, దానికే రిబ్బన్ కత్తిరిస్తున్నాం.

బ్యాటరీ మోజులో మరుగున పడేది ఇంకొకటుంది: క్లబ్బు ర్యాంపు మీద జరిగే పని. పోటీలకు ముందు ఫైబర్ పడవల గీతలు పూడ్చి, నీటి ఎమరీ కాగితంతో రుద్ది నునుపు చేస్తారు. తెల్లటి పిండి కాంక్రీటు మీద పడుతుంది. ఎవరో బకెట్టెడు నీళ్లు కుమ్మరిస్తారు. ర్యాంపు వాలు చెరువుకేసి. రెసిన్ డబ్బాలు, ఎసిటోన్ గుడ్డలు, ఔట్‌బోర్డ్‌లోంచి తీసిన పాత ఆయిలు ఎటు పోతాయో అడిగితే, పనివాళ్లు మేనేజరును చూపిస్తారు, మేనేజరు చెత్తబండిని చూపిస్తాడు. బార్, వంటగది, మరుగుదొడ్ల గొట్టం ఎక్కడ కలుస్తుందో కమిటీ సభ్యుల్లో ఎంతమంది చెప్పగలరు? గట్టున గోతి తవ్వి వడకట్టే గుడ్డ పరిచి ఆ పిండిని ఆపడానికి అయ్యే ఖర్చు ఒక బ్యాటరీ మోటారు ధరలో ఏ మూలకూ రాదు. కానీ దానికి ముఖ్య అతిథి రాడు.

పాత పడవను పారేసి కొత్తది కొనడాన్ని పచ్చదనం కింద జమకట్టడం మరో వింత. ఆప్టిమిస్ట్ పడవను 1947లో ఫ్లోరిడాలో క్లార్క్ మిల్స్ గీసిందే, మామూలు ఇళ్ల పిల్లలు ప్లైవుడ్‌తో సొంతంగా చేసుకోవడానికి. ఇవాళ దాదాపు అన్నీ ఫైబర్‌వే. ఫైబర్ కుళ్లదు, సులువుగా కరిగించి వేరే వస్తువూ చేయలేం. అందుకే ఫ్రాన్సులో 2019 నుంచి కాలం తీరిన విహార పడవలను వెనక్కి తీసుకొని విడగొట్టే బాధ్యత తయారీదారుల మీద పెట్టారు. మన దగ్గర అలాంటిదేమీ లేదు. షెడ్డు వెనకాల గడ్డిలో బోర్లించి వదిలేస్తాం. అతుకులేసి ఇరవై ఏళ్లు నడిపే పడవ, సోలార్ పలకల మెరుపున్న కొత్త పడవకన్నా లోకానికి తక్కువ బరువు.

మరో చివరన ఇంకొందరున్నారు: అసలు చెరువుల్లో పడవలే వద్దనేవాళ్లు. 2023లో జాతీయ హరిత ట్రిబ్యునల్ భోపాల్ పెద్ద చెరువులో క్రూయిజ్, మోటారు బోట్లు ఆపమంది. అది ఊరికి తాగునీరిచ్చే చెరువు, ఆ ఉత్తర్వుతో నాకు పేచీ లేదు. దాన్నే అన్ని చెరువులకూ మంత్రంలా పఠిస్తే మాత్రం ఒప్పుకోను. పడవలు లేని చెరువు మన ఊళ్లలో ఏమవుతుందో చూస్తూనే ఉన్నాం. ముందు చూసేవాళ్లు పోతారు, తర్వాత మట్టి లారీలు వస్తాయి, ఆ తర్వాత ప్లాట్ల నంబర్లు వేస్తారు. రోజూ తెల్లవారుజామున నీటి మీదికెళ్లి, రంగు మారితే, నురగ తేలితే, చేప వెల్లకిలా కనబడితే ముందుగా పసిగట్టే జనం తెరచాప వాళ్లే. ఆ జనాన్ని చెరువు కాపలాకు వాడుకోకుండా వెళ్లగొట్టడం తెలివితక్కువతనం.

కాపలా అంటే క్లబ్బులు తమ పలుకుబడిని ఖర్చుపెట్టాలి. వీటి సభ్యుల్లో సైనికాధికారులున్నారు, కంపెనీల యజమానులున్నారు, ఫోను చేస్తే సచివాలయంలో ఎత్తేవాళ్లున్నారు. నాలా పక్కన బస్తీల వాళ్లు ఏళ్ల తరబడి దోమల గురించి, ముంపు గురించి, వాసన గురించి మొత్తుకుంటున్నారు. వాళ్ల అర్జీ కాగితం మునిసిపల్ వార్డు ఆఫీసు దాటదు. అదే నాలా నీళ్లు ఆ తర్వాత క్లబ్బు పిల్లల నోట్లోకి వస్తున్నప్పుడు, రెండు ఫిర్యాదులూ ఒకే కాగితం మీద ఎందుకుండకూడదు? పైగా ఈ క్లబ్బుల్లో ఇప్పుడు పెద్దింటి పిల్లలే లేరు. నగరంలోని పేద కుటుంబాల పిల్లలు తెరచాప నేర్చుకొని జాతీయ పోటీల్లో గెలుస్తున్నారు. ఆ నీటివల్ల జబ్బు చేస్తే ఆసుపత్రి బిల్లు ఎక్కువగా బాధించేదీ వాళ్లనే.

కాబట్టి చెరువును వాడుకునేందుకు క్లబ్బుకిచ్చే అనుమతిలోనే షరతు రాయాలి. వారానికోసారి, గట్టి వాన పడ్డాక మళ్లీ ఓసారి, బయటి ప్రయోగశాలలో నీటి పరీక్ష. కోలీఫాం అంకె 2,500 దాటితే ఆ రోజు పిల్లల పడవ దిగకూడదు, పోటీ ఉంటే వాయిదా. స్పాన్సరుకు నష్టమొస్తుందంటారు. రానివ్వండి. నష్టపోయిన స్పాన్సరు అడిగే ప్రశ్నకు నీటి శాఖ ఇచ్చే జవాబు, మనం అడిగితే వచ్చే జవాబుకన్నా వేగంగా వస్తుంది. అంకె చూసి తల్లిదండ్రులు పిల్లల్ని మాన్పించేస్తారని కమిటీలు భయపడతాయి. అంకె దాచి పిల్లల్ని దింపడం ఏ లెక్కన మేలో వాళ్లే చెప్పాలి.

ఆ అంకె రాసిన బోర్డు క్లబ్బు లోపల నోటీసుల గోడకు కాదు, రోడ్డు వైపు గేటుకు పెట్టాలి. తెలుగులో, ఉర్దూలో, నాలా బస్తీ నుంచి పని కోసం వచ్చే మనిషి కూడా దారిలో ఆగి చదువుకునేంత పెద్ద అక్షరాలతో.