సూదిమొన దొరుకుతుంది, కూలి లెక్క దొరకదా?

బెంగళూరు గార్మెంట్ ఫ్యాక్టరీల్లో కుట్టుమిషను సూది విరిగితే అక్కడ పని ఆగిపోతుంది. ముక్కలన్నీ వెతికి, సూది మొత్తం వచ్చిందని తేల్చుకుని, టేపుతో రిజిస్టరులో అంటించి, తేదీ, మిషను నంబరు రాస్తారు. ముక్క దొరక్కపోతే చుట్టుపక్కల కుట్టిన బట్టలన్నిటినీ జల్లెడ పట్టాల్సిందే. ఎక్కడో స్వీడన్‌లోనో అమెరికాలోనో ఉన్న బ్రాండు పెట్టిన నిబంధన ఇది. ఫ్యాక్టరీ ఆ బ్రాండుది కాదు, కుట్టే మనిషికి అది జీతమివ్వదు. అయినా నిబంధన తు.చ. తప్పకుండా అమలవుతుంది. తప్పితే ఆర్డరు పోతుంది మరి!

అంత దూరం నుంచి సూదిమొనను పట్టుకోగలిగినవారికి కార్మికుల కూలికి పడిన గండి మాత్రం చాలాకాలం కనిపించలేదు. కనీస వేతనంలో భాగమైన కరవు భత్యం కర్ణాటకలో 2020 ఏప్రిల్ నుంచి నెలకు 417 రూపాయలు పెరగాలి. అంటే పనిరోజుకు 16 రూపాయలు. కోవిడ్ పేరుతో ప్రభుత్వం ఆ పెంపును వాయిదా వేసింది. బకాయిలతో సహా చెల్లించాల్సిందేనని 2020 సెప్టెంబరులో హైకోర్టు చెప్పినా చాలా ఫ్యాక్టరీలు చెవిన పెట్టలేదు. నష్టపోయినవారు 4 లక్షలకు పైగా ఉంటారని అమెరికాకు చెందిన వర్కర్ రైట్స్ కన్సార్షియం అంచనా వేసింది. ఆ లెక్కన నెలకు 16 కోట్ల రూపాయలకు పైమాటే. విషయం విదేశీ పత్రికలకెక్కి, బ్రాండ్ల మీద ఒత్తిడి పెరిగాకే, 2022 ఆరంభంలో ఈ రంగంలో అతి పెద్దదైన షాహీ ఎక్స్‌పోర్ట్స్ బకాయిలు ఇవ్వడానికి ఒప్పుకుంది.

‘మేం కొనుగోలుదారులం, యజమానులం కాదు’ అన్నది బ్రాండ్ల వాదన. చట్టం దృష్టిలో అది కొంతవరకు నిజమే. కానీ చొక్కా ధర ఎలా తేలుతుందో చూస్తే ఆ వాదన నిలవదు. గుడ్డ, గుండీలు, జిప్పులు ఎవరి దగ్గర కొనాలో చాలాసార్లు బ్రాండే చెబుతుంది. డెలివరీ తేదీ దానిదే, తుది ధరా దానిదే. ఇక ఫ్యాక్టరీ యజమాని బేరమాడగలిగేది కుట్టేవాళ్లతోనే. గంటకు ఇన్ని పీసులని టార్గెట్ పెంచాలి, లేదా కూలి కోయాలి. నీతి నియమావళిని గోడకు అంటించి, అది అమలు కాని ధరను ఒప్పందంలో రాసేవారిని నిర్దోషులనడం ఎలా?

శ్రీరంగపట్నంలోనూ బయటి ఒత్తిడి వచ్చాకే న్యాయం జరిగింది. 2020 జూన్‌లో బెంగళూరుకు చెందిన గోకల్‌దాస్ ఎక్స్‌పోర్ట్స్ అక్కడి తన యూనిట్‌లో సుమారు 1,200 మందిని ఇంటికి పంపింది. ఎక్కువమంది మహిళలే. హెచ్ అండ్ ఎం బ్రాండు కోసం కుట్టిన ఈ యూనిట్‌లో కార్మిక సంఘం బలంగా ఉండేది. కార్మికులు వారాల తరబడి ఫ్యాక్టరీ దగ్గరే బైఠాయించారు. అంతర్జాతీయ కార్మిక సంఘాలు కల్పించుకున్నాక, 2021 మొదట్లో తిరిగి పనిలోకి తీసుకునే ఒప్పందం కుదిరింది.

బ్రాండు తలుచుకుంటే ఏం చేయగలదో కోలారు జిల్లా నరసాపుర చూపింది. అక్కడి విస్ట్రాన్ ఐఫోన్ ఫ్యాక్టరీలో జీతాల గొడవ 2020 డిసెంబరు 12న విధ్వంసానికి దారితీసింది. విధ్వంసం సమర్థనీయం కాదు. కానీ హాజరు, ఓవర్‌టైం లెక్కల్లో లోపాలున్నాయని ప్రభుత్వ తనిఖీ కూడా తేల్చింది. లోపాలు సరిదిద్దేవరకు కొత్త ఆర్డర్లు ఉండవని యాపిల్ ప్రకటించిన రోజే విస్ట్రాన్ క్షమాపణ చెప్పి, భారత్ వ్యాపారం చూసే తన ఉపాధ్యక్షుణ్ని తప్పించింది. ఏళ్ల తనిఖీలతో కాని పని ఆర్డరు ఆపితే రోజుల్లో అయింది.

ప్రభుత్వాలది మరో పాపం. పెట్టుబడి పక్క రాష్ట్రానికి పోతుందన్న భయంతో 2023లో కర్ణాటక 12 గంటల షిఫ్టుకు వీలు కల్పించింది. ఆంధ్రప్రదేశ్ కూడా పనిగంటల సడలింపు బాటే పట్టింది. బెంగళూరులో కూలి అడిగితే ఫ్యాక్టరీ హిందూపురం వెళుతుందన్నది ఉత్త బెదిరింపు కాదు. అయితే రాయలసీమకు కావలసింది ఉద్యోగాలే తప్ప బెంగళూరు వద్దన్న షరతులు కావు. ఉత్తరాంధ్రలోని అచ్యుతాపురం బ్రాండిక్స్ ప్రాంగణంలో 2022లో రెండు నెలల తేడాతో రెండుసార్లు విషవాయువు పీల్చి వందలమంది మహిళలు ఆస్పత్రుల పాలయ్యారు. రాయితీల వేటలో భద్రత ఎంత వెనకబడిందో అప్పుడే తెలిసింది.

పెద్ద కంపెనీలు లాభాల్లో 2 శాతం సామాజిక బాధ్యత కింద ఖర్చుపెట్టాలని 2013 కంపెనీల చట్టం చెబుతుంది. బడికి బెంచీలు ఇవ్వడం మంచిదే. ఎగ్గొట్టిన కూలికి అది చెల్లు కాదు.

దారి కొత్తగా కనిపెట్టనక్కర్లేదు. కాంట్రాక్టరు కూలి ఎగ్గొడితే అసలు యజమాని చెల్లించాలని 1970 నాటి కాంట్రాక్టు కార్మికుల చట్టమే చెప్పింది. ఆ సూత్రాన్ని విదేశీ బ్రాండ్ల కొనుగోలు ఒప్పందాలకూ విస్తరించాలి. చట్టబద్ధమైన కూలిని ధరలో విడిగా చూపి, దాన్ని బేరానికి అతీతం చేయాలి. తమిళనాడులో ఒక యువ కార్మికురాలి హత్య తర్వాత 2022లో కుదిరిన దిండిగల్ ఒప్పందం బ్రాండ్లను బాధ్యుల్ని చేయడానికి ఒక నమూనా. హెచ్ అండ్ ఎం, గ్యాప్, పీవీహెచ్ కంపెనీలు సంతకం చేసిన ఈ ఒప్పందంలో మాట తప్పిన ఫ్యాక్టరీకి వ్యాపారపరమైన శిక్షను చేర్చారు. మరోవైపు, సరఫరా గొలుసులో జరిగే అన్యాయాలకు కంపెనీలను బాధ్యుల్ని చేస్తూ 2024లో ఆమోదించిన చట్టం గడువును ఐరోపా సమాఖ్య మరుసటి ఏడాదే వాయిదా వేసింది. అక్కడి పార్లమెంటు మీద ఆశపెట్టుకుని కూర్చోలేం. దక్షిణాది రాష్ట్రాలు ఒక్కమాట మీద కనీస వేతనం నిర్ణయించుకుంటే, ఊరు మార్చి కూలి తగ్గించే బేరానికి అర్థమే ఉండదు. ఆ పని బెంగళూరు, అమరావతి, హైదరాబాద్, చెన్నైల చేతుల్లోనే ఉంది.