చల్లదనానికీ ఒక హద్దుంది

సైన్స్ ఫెయిర్ వచ్చిందంటే ఏదో ఒక స్టాలులో పెల్టియర్ బిళ్ళతో చేసిన చిన్న ఫ్రిజ్ కనిపిస్తుంది. ఎండాకాలంలో 45 డిగ్రీలు దాటే మన రామగుండం ప్రాంతంలో దానికి ఆదరణ ఉండడం సహజమే. చూసేవారంతా "ఎంత చల్లబడుతుంది?" అని అడుగుతారు. "కరెంటును ఎక్కడ ఆపుతున్నారు?" అని అడిగేవారు అరుదు. ఆ రెండో ప్రశ్నకే ఎక్కువ మార్కులు ఉండాలని మా అభిప్రాయం.

రెండు వేర్వేరు లోహాల అతుకుల గుండా కరెంటు పోతే ఒక అతుకు చల్లబడి, మరొకటి వేడెక్కుతుందని ఫ్రెంచి శాస్త్రవేత్త పెల్టియర్ 1834లో కనుగొన్నాడు. హైదరాబాదుకు చెందిన ధామ ఇన్నోవేషన్స్ ఈ సూత్రంతోనే ఒంటిని చల్లబరిచే జాకెట్లు తయారుచేసింది. మనకు దుకాణంలో దొరికే నాలుగు సెంటీమీటర్ల చదరపు బిళ్ళ మీద 12706 అని ఉంటుంది. అంటే 127 జతల అర్ధవాహకాలు, గరిష్ఠంగా 6 ఆంపియర్లు.

అసలు కిటుకు ఇక్కడే ఉంది. కరెంటు రెండింతలైతే బిళ్ళ లాగే వేడి రెండింతలవుతుంది. కానీ మనం పదో తరగతిలో చదివే జౌల్ నియమం ప్రకారం బిళ్ళలోనే పుట్టే వేడి నాలుగింతలవుతుంది. అందులో దాదాపు సగం చల్లటి వైపుకే చేరుతుంది. అందుకే ఒక దశ దాటాక కరెంటు పెంచినకొద్దీ చల్లదనం తగ్గుతుంది.

ఈ సంగతి కంట్రోలర్‌కు తెలియదు. ఇంకా చల్లబడలేదని కరెంటు పెంచుతుంది. పెట్టె వేడెక్కుతుంది. అది చూసి ఇంకా పెంచుతుంది. చివరకు కాస్మెటిక్ చార్జీలు దాచుకుని కొన్న బిళ్ళ పాడవుతుంది.

6 ఆంపియర్లకు హద్దు పెడితే చాలదా? చాలదు. వెనుక వైపు వేడిని బాగా లాగేసినప్పటి లెక్క అది. చిన్న ఫ్యాను, మే నెల ఎండ ఉన్నచోట ఆ దశ ముందే వస్తుంది. కాబట్టి మిత్రులారా, కొలిచి చూడండి. అర ఆంపియరు చొప్పున పెంచుతూ, ప్రతిసారీ నిలకడ వచ్చేదాకా ఆగి ఉష్ణోగ్రత రాసుకోండి. ఎక్కడ తగ్గడం ఆగిందో దానికి కాస్త కిందనే హద్దు పెట్టండి.

మరో మాట. 6 ఆంపియర్లను సగం సేపు వేసి, సగం సేపు ఆపితే సగటు 3 ఆంపియర్లే. కానీ బిళ్ళలో పుట్టే వేడి, నిలకడగా 3 ఆంపియర్లు ఇచ్చినప్పటికంటే రెండింతలు. అందువల్ల కాయిల్, కెపాసిటర్‌తో కరెంటును సాఫీ చేయడం మంచిది.

సింగరేణి బిడ్డలమైన మనకు హద్దు కొత్త కాదు. గని గాలిలో మీథేన్ 1.25 శాతం దాటితే అక్కడ కరెంటు తీసేయాలన్నది నిబంధన. దాన్ని ఎవరూ పిరికితనం అనరు.

మన సెంటినరీ కాలనీలోనే జేఎన్‌టీయూ ఇంజనీరింగ్ కళాశాల ఉంది. అక్కడి అన్నలు, అక్కలు ఒక్క ఆదివారం మీటర్లు పట్టుకుని హాస్టళ్ళకు వస్తే ఈ కొలత అందరం నేర్చుకుంటాం. సార్లు కూడా ఇకపై ప్రతి మోడల్ పక్కన ఆ కొలతల పట్టిక ఉండాలని నియమం పెట్టాలని కోరుతున్నాం. ఎంత చల్లబరిచామో చెప్పేది అంకె మాత్రమే. ఎక్కడ ఆపాలో తెలియడమే చదువు.